చెట్టూ చేమా: రాపిడితో నిప్పు రాజేయడం

గత సంచికలో, మా ఊరి చెరువు కట్ట కింద కళాశాల పిల్లల చేత కర్రల రాపిడితో నిప్పు పుట్టించిన సంగతి నాలుగు వాక్యాలలో రాశాను. అది చదివి చాలామంది కర్రలు చేతబట్టినట్టున్నారు. వచ్చిన ఉత్తరాలు చూస్తే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో, కర్ర మెత్తదనం గురించి ఇంతమంది నన్ను అడగడం ఇదే మొదలు. ఈ నెల శీర్షిక మొత్తం ఈ విషయానికే.

మేడమ్ గారికి నమస్కారం. కంది కట్టెను అరచేతుల మధ్య పెట్టుకుని వేప చెక్క మీద తిప్పుతున్నాను. పొగ బాగానే వస్తోంది, నిప్పు మాత్రం రావడం లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. రోజూ కసరత్తు చేసే నా స్నేహితుడి చేత తిప్పించినా అదే వరస. ఇంకా ఎంత బలం కావాలి?
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

నాయనా, ఉన్న బలం చాలు. నీ ఉత్తరంలో పొగ ఉంది, బొబ్బలు ఉన్నాయి, స్నేహితుడి కండలు ఉన్నాయి. నుసి గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఈ విద్య అంతా ఆ నుసిలోనే ఉంది.

కర్ర కొన చెక్కను తాకే చోట నిప్పు పుడుతుందని అందరూ అనుకుంటారు. అక్కడ పుట్టేది వేడి మాత్రమే. తిప్పే కొద్దీ కర్రా, కింది చెక్కా రెండూ అరిగి నుసి రాలుతుంది. మొదట గోధుమరంగులో, తరువాత కాఫీపొడి రంగులో, చివరికి నల్లగా. ఆ నల్ల నుసి సగం బొగ్గయినట్టే. వేడివేడిగా ఒకే చోట కుప్పపడితే, సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది గాలిని అందుకుని తనంతట తాను రాజుకుంటుంది. చెక్క వేడిని తొందరగా బయటికి పోనివ్వదు కాబట్టి కుప్పలోని వేడి కుప్పలోనే నిలుస్తుంది. అదే నుసి గుంట చుట్టూ చెదిరిపోతే రేణువు రేణువుగా చల్లారిపోతుంది. అప్పుడు గంటసేపు తిప్పినా మిగిలేది పొగే.

కాబట్టి నేను మొదట అడగవలసింది: చెక్కకు గాటు పెట్టావా? పెట్టలేదనే అనుకుంటున్నాను. కింది చెక్క సెంటీమీటరు మందాన, రెండు వైపులా చదునుగా ఉండాలి. అంచు నుంచి కొద్దిగా లోపలికి కత్తి మొనతో చిన్న గుంట తొలువు. అందులో కర్ర నిలబెట్టి, గుంట కర్రంత వెడల్పున గుండ్రంగా నల్లబడేదాకా తిప్పి ఆపు. ఇప్పుడు అంచు నుంచి గుంట నడిమధ్యకు దాదాపు చేరేలా ఒక గాటు కొయ్యి. గుండ్రటి గుంటలో ఎనిమిదో వంతు తీసేసినట్టు ఉండాలి ఆ గాటు, కిందికి వచ్చేసరికి మరికాస్త విప్పారాలి. దాని గోడలు నున్నగా ఉండాలి, పొరలు లేచి ఉంటే నుసి అక్కడే చిక్కుకుంటుంది. గాటు కింద ఎండిన మోదుగాకో, తాటాకు ముక్కో పరువు. నుసి దాని మీద కుప్పపడుతుంది.

ఇక తిప్పడం. చాలామంది మొదటి నిమిషంలోనే శక్తి అంతా ఖర్చు పెట్టేస్తారు. మొదట నింపాదిగా, ఊపిరి అదుపు తప్పని వేగంతో తిప్పు. ఆ దశలో పని చెక్కను వేడెక్కించడం, గాటును నింపడం. గాటు నల్ల నుసితో నిండి, పొగ చిక్కబడ్డాకే కిందికి గట్టిగా ఒత్తి, వేగం పెంచాలి. చేతులు కర్ర వెంట కిందికి జారుతాయి కదా, అడుగుకు చేరగానే ఒక చెయ్యి కర్రను అదిమి పట్టుకోవాలి, రెండోది పైకి పోవాలి, వెంటనే మొదటిదీ దాన్ని అందుకోవాలి. కర్ర కొన గుంటలోంచి లేవకూడదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి చేతులు కిందికి చేరగానే మరొకరు పైనుంచి అందుకుంటే పని సగం తేలిక. నీ స్నేహితుణ్ణి నీ బదులు కాకుండా నీతో కలిసి తిప్పమను.

మధ్యమధ్య నుసిని చూడు. లేత రంగులో దూదిలా తేలికగా ఉందా, ఒత్తిడి చాలలేదు. పీచులు పీచులుగా, చుట్టలు చుట్టుకుని వస్తోందా, ఒత్తిడి ఎక్కువైంది, లేదా కర్రలో తడి ఉంది. కర్ర కిచకిచలాడుతూ గుంట నున్నగా మెరుస్తోందా, అరుగుదల ఆగి మెరుగు పడుతోందన్నమాట. గుంటలో చిటికెడు సన్న ఇసుక వేసి మళ్ళీ మొదలుపెట్టు. మెత్తగా, నల్లగా రాలుతోందా, ఇక ఆపకు.

చివరికి కర్ర తీసేసినా నుసి కుప్ప నుంచి పొగ దానంతట అది లేస్తూ ఉంటే నిప్పు పడినట్టే. అప్పుడు ఆత్రపడి చెక్కను లాగేయవద్దు. అర నిమిషమైనా అలా వదిలెయ్యి, చేత్తో మెల్లగా విసురు. నుసి ఒకదానికొకటి అంటుకుని గట్టిపడుతుంది. ఆ తరువాతే కత్తి మొనతో గాటును తట్టి చెక్కను పక్కకు తియ్యి.

మన నేల మీద ఇది పాత విద్య. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, దక్షిణ భారతపు కులాలు, తెగల గురించి 1909లో ప్రచురించిన సంపుటాలలో యానాదుల పద్ధతి నమోదై ఉంది. పొట్టి కర్రలో చదరపు గుంట తొలిచి నేలకు అదిమిపట్టి, అందులో పొడుగు కర్రను నిలబెట్టి అటూ ఇటూ వేగంగా తిప్పేవారు. బొగ్గుపొడి వాడకుండానే గుడ్డ పీలికకో ఎండుటాకులకో నిప్పు అంటించేవారు. ఇనుము అవసరం లేకుండా, కేవలం చెట్టును ఎరిగి ఉండటం వల్ల వచ్చిన నేర్పు అది. ఆ నేర్పంటే నాకు గొప్ప గౌరవం.

కంది కట్టె, వేప చెక్క రెండూ ఈ పనికి గట్టివి. కింది జవాబు చదివి కర్రలు మార్చు. అరచేతిలో ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడితో ఆ రోజుకు ఆపెయ్యి. బొబ్బ మానేదాకా మళ్ళీ కర్ర పట్టవద్దు.

అమ్మా, మా పొలం గట్ల మీద తుమ్మ, సుబాబుల్, జామాయిల్, వేప కావలసినన్ని ఉన్నాయి. పొయ్యిలో బ్రహ్మాండంగా మండే తుమ్మ కర్ర ఈ పనికి పనికిరాదంటున్నాడు మా అబ్బాయి. నిజమేనా?
— రైతు, ప్రకాశం జిల్లా

నిజమేనండీ. పొయ్యిలోకి చేవ ఉన్న కర్ర కావాలి, రాపిడికి చేవ లేనిది కావాలి. తుమ్మ గట్టిగా, బరువుగా ఉంటుంది. తిప్పితే అరగదు, నున్నబడుతుంది. జామాయిల్ చేవదీ అదే తీరు. జిగురు, నూనె ఉన్న కర్రలతో ఇంకో చిక్కు కూడా ఉంది. అవి వేడికి కరిగి రెండు చెక్కల మధ్య జారుడు తెస్తాయి.

పరీక్ష చాలా సులువు. బొటనవేలి గోరుతో కర్రను గుచ్చండి. గీత పడాలి, కానీ గోరు లోపలికి దిగిపోకూడదు. గీత పడకపోతే గట్టిది, గోరు దిగిపోతే కుళ్ళినది. విరిస్తే చిటుక్కుమనాలి, వంగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. నేల మీద పడి ఉన్న కొమ్మ తడి పీల్చుకుని ఉంటుంది కనుక, చెట్టు మీదే నిలువునా ఎండిన కొమ్మను తెచ్చుకోండి.

మన పల్లెల్లో నాకు బాగా నచ్చినది జిల్లేడు. ఎండిన జిల్లేడు మానును ఎప్పుడైనా నిలువుగా చీల్చి చూశారా? పైన బెండులా పగుళ్ళు పడిన బూడిదరంగు బెరడు, దాన్ని గీరేస్తే పాలిపోయిన తేలికపాటి చెక్క, నడుమ బెండు. చేతిలో పెడితే బరువే తెలియదు. అంత మెత్తనిది అయినా పొడిపొడిగా రాలిపోదు, చక్కటి సన్న నుసి ఇస్తుంది. పూర్తిగా ఎండినదే తీసుకోండి. పచ్చి కొమ్మ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. కింది చెక్కకు ఎండిన బూరుగు కొమ్మ, మునగ కొమ్మ బాగుంటాయి. అరచేతులతో తిప్పే కర్రకు పొలంలో నిలిచి ఎండిన జీలుగు, గోగు కాడలు చూడండి. చిటికెన వేలి మందం, మూర కన్నా కాస్త ఎక్కువ పొడవు, వీలైనంత తిన్నగా ఉండాలి. కణుపులు ఉంటే గీరి నున్న చేయండి, అరచేతులు బతికిపోతాయి. రెండు ముక్కలూ ఒకే చెట్టువైనా ఇబ్బంది లేదు.

కొన్నింటి జోలికి అసలు పోవద్దు. గన్నేరు నిలువెల్లా విషం, దాని పొగ కూడా మంచిది కాదు. జెముడు జాతుల పాలు కళ్ళకు హాని చేస్తాయి. అడవి పక్కన ఉండేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను, నల్లజీడి కర్రను తెలియక పట్టుకున్నా ఒంటి మీద పొక్కులు లేస్తాయి. చెట్టు పేరు తెలియకపోతే ఆ కర్ర వాడకపోవడమే మేలు.

మా తాతగారు సోమయాజి. యజ్ఞానికి నిప్పు పుట్టించడానికి ఆయన వాడిన కర్రల జత, అరణి, మా ఇంట్లో పట్టుబట్టలో చుట్టి ఉంది. అది జమ్మి కర్రా, రావి కర్రా అని మాలో మాకే వాదన. దాన్ని మథించడానికి ఇద్దరు మనుషులు ఎందుకు కావాలి?
— ఒక గృహిణి, అమలాపురం

అమ్మా, మీ వాదనలో రెండు పక్షాలకూ కొంత న్యాయం ఉంది. జమ్మిచెట్టు మీద మొలిచిన రావి నుంచి అరణి చేయాలన్నది సంప్రదాయం. పురాణాలలోని పురూరవ చక్రవర్తి కథలోనూ ఈ రెండు చెట్ల పేర్లు కలిసే వస్తాయి.

జమ్మి మీద రావి ఎలా మొలుస్తుందన్నది నాలాంటి వారికి మహా ఇష్టమైన సంగతి. రావి పండును పిట్ట తింటుంది. గింజ అరగదు. పిట్ట వెళ్ళి జమ్మి కొమ్మ మీద వాలి రెట్ట వేస్తుంది. కొమ్మల పంగలో చేరిన కాస్త మట్టిలో, కాస్త తేమలో గింజ మొలకెత్తుతుంది. వేళ్ళు జమ్మి మాను వెంట కిందికి పాకి నేలను అందుకుంటాయి. గోడల మీద, తాటిచెట్ల మీద మనం చూసే రావి మొలకలూ ఇలా వచ్చినవే. జమ్మి చెక్క గట్టిది. రావి చెక్క పాలిపోయిన రంగులో తేలికగా, మెత్తగా ఉంటుంది. పై జవాబులో చెప్పిన గోరు పరీక్షకు రావి సరిగ్గా నిలుస్తుంది. ఏ చెక్క నుంచి నిప్పు వస్తుందో పూర్వులు చేతులతో తిప్పి తెలుసుకున్నారని నా నమ్మకం.

అడుగున ఉండేది అధరారణి. పై కర్ర ఉత్తరారణి, దాని నుంచి తీసిన ముక్కను నిలువు కర్ర అడుగున బిగిస్తారు. ఆ నిలువు కర్రకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, మరొకరు పైనుంచి ఒక కొయ్యతో దాన్ని కిందికి అదిమి పట్టుకుంటారు. పెరుగు చిలికే కవ్వాన్ని చూసినవారికి ఇంతకన్నా వివరించనక్కర లేదు. అదమడం, తిప్పడం రెండూ ఒక్కరే చేస్తే అలసట రెట్టింపవుతుంది. పని పంచుకుంటే ఒత్తిడి తగ్గదు, వేగమూ తగ్గదు. రాలిన నుసి నుంచి పొగ లేవగానే దాన్ని పీచులోకి తీసుకుని ఊదుతారు. 1975లో కేరళలోని పాంజాళ్‌లో జరిగిన అతిరాత్రం అనే సోమయాగంలోనూ నిప్పును ఇలా మథించే పుట్టించారు.

ఋగ్వేదం మూడో మండలం 29వ సూక్తంలో, గర్భిణుల కడుపులో శిశువు పదిలంగా ఉన్నట్టు అగ్ని అరణులలో ఉన్నాడని విశ్వామిత్రుడు అంటాడు. మొదటి మండలంలో అగ్నిని కనే పదిమంది యువతులు వస్తారు. వారు పది వేళ్ళేనని వ్యాఖ్యాతలు చెబుతారు. అరచేతుల మధ్య కర్ర తిప్పిన ఎవరికైనా ఆ మాట చదివితే ఒళ్ళు పులకరిస్తుంది.

మీ తాతగారి అరణిని అభ్యాసానికి వాడకండి. తడి తగలకుండా, పురుగు పట్టకుండా చూసుకోండి. నేర్చుకోవడానికి జిల్లేడు ఉంది.

ఎండాకాలంలో వెదుళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని అడవి తగలబడుతుందని పద్యాలలో చదువుకున్నాం, పిల్లలకూ అదే చెబుతున్నాం. ఇది ఎంతవరకు నిజం?
— ఉపాధ్యాయుడు, ఉట్నూరు

అయ్యా, మీరు అడిగినందుకు కృతజ్ఞతలు. పిల్లలకు ఈ మాట చెప్పడం మానేయాలని నా గట్టి అభిప్రాయం.

వెదురుతో నిప్పు పుట్టించవచ్చు, ఆ మాట నిజం. నిలువుగా చీల్చిన ఎండు వెదురు బద్ద వీపు మీద అడ్డంగా సన్నటి చీలిక చేసి, రెండో బద్ద పదునైన అంచుతో రంపంలా కోస్తారు. నుసి ఆ చీలికలోంచి అడుగున పెట్టిన వెదురు గీరుళ్ళలోకి రాలి కుప్పపడుతుంది. ఆగ్నేయాసియాలో ఈ వెదురు రంపం పద్ధతి ఉంది. నాగా కొండలలోనైతే చీల్చిన కర్ర కిందుగా వెదురు బద్దనో బెత్తపు పట్టీనో వేసి రెండు చేతులతో అటూ ఇటూ లాగేవారు.

ఇప్పుడు గాలికి ఊగే వెదురు పొదను తలుచుకోండి. గడలు పచ్చివి, ఒంట్లో నీరుంది. పైతోలు నున్నగా, గట్టిగా ఉంటుంది. గాలి ఒకే చోట ఒకే ఒత్తిడితో అదే పనిగా రుద్దదు. ఒకవేళ నుసి రాలినా కిందికి చెదిరిపోతుంది, దాన్ని ఒకచోట పోగుచేసే గాటు అక్కడ లేదు. ఎండు కర్ర, మంచి గాటు, రెండు చేతులు ఉండి మనం పడుతున్న అవస్థ ఇది. ఊగే పొదకు అది ఎలా సాధ్యమవుతుంది?

మన అడవులు దాదాపు ఎప్పుడూ తగలబడేది మనుషుల వల్లే. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింది ఆకులు తగలబెడతారు. తునికి కొత్త చిగురు వేయాలని నిప్పు పెడతారు. ఆర్పని బీడీ ముక్క, వంట చేసుకుని వదిలేసిన పొయ్యి, దారి పక్కన చెత్తకు పెట్టిన మంట. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో ఆకులన్నీ రాలి ఎండి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. తప్పు వెదురు మీదికి నెట్టేస్తే జాగ్రత్త పడవలసినవారు లేకుండా పోతారు. పద్యాన్ని పద్యంగా చదివించండి, మీ పాఠశాల ఆవరణలోనే రెండు ఎండు వెదురు బద్దలు పిల్లల చేతికిచ్చి ఎంత కష్టమో వాళ్ళనే చూడనివ్వండి.

అగ్గిపెట్టె చవకగా దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకు?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హైదరాబాదు

అన్నం వండుకోవడానికి అయితే అగ్గిపెట్టే వాడండి, నేనూ అదే వాడతాను. కానీ ఎండిన బూరుగు కొమ్మకూ ఎండిన వేప కొమ్మకూ తేడా గోటితో గుచ్చి చెప్పగలిగిన పిల్లలను తరగతి గదిలో నేను తయారు చేయలేకపోయాను. చెరువు కట్ట కింద ఒక్క మధ్యాహ్నంలో తయారయ్యారు. పాఠ్యపుస్తకంలో మెత్తని కణజాలం, గట్టి కణజాలం అని బొమ్మలు గీసి పరీక్ష రాసిన అమ్మాయి, తన కర్ర ఎందుకు నున్నబడుతోందో తనే కనిపెట్టి, లేచి వెళ్ళి వేరే కర్ర తెచ్చుకుంది. ఉపాధ్యాయురాలిగా నాకు ఇంతకన్నా ఏం కావాలి?

మా బాబుకు పదకొండేళ్ళు. మీ వ్యాసం చూసినప్పటి నుంచి ఒకటే గొడవ. చేయనివ్వవచ్చా? మేముండేది అపార్ట్‌మెంటులో.
— ఒక తల్లి, విజయవాడ

చేయనివ్వండమ్మా, కానీ బాల్కనీలో వద్దు. గడ్డీ గాదం లేని బోడి నేల చూడండి, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అయితే మరీ మంచిది. పక్కన నిండు బకెట్ నీళ్ళు, దగ్గరే ఒక పెద్దమనిషి. బాబుకు నూలుబట్టలు వేయండి. కత్తితో గాటు కోసే పని మాత్రం పెద్దలదే. రిజర్వు అడవిలోకి తీసుకెళ్ళి ప్రయత్నించవద్దు. అక్కడ నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం, చట్టం లేకపోయినా చేయకూడని పని.

పిల్లల అరచేతులు లేతవి కాబట్టి విల్లు పద్ధతి నేర్పండి. చెయ్యంత పొడవున్న, కొద్దిగా వంగిన గట్టి కొమ్మకు రెండు కొనలనూ కలుపుతూ నూలు తాడో నులకో కట్టండి. నైలాన్ తాడు వేడికి కరుగుతుంది. తిప్పే కర్ర ఇక్కడ పొట్టిగా, జానెడు పొడవున, బొటనవేలి మందాన ఉండాలి. తాడును దాని చుట్టూ ఒక్క చుట్టు తిప్పాలి. కర్ర నెత్తిన పెట్టి అదమడానికి గుంట ఉన్న రాయి గానీ, మందపాటి కొబ్బరి చిప్ప ముక్క గానీ సరిపోతుంది. ఆ పై గుంటలో కాస్త ఆముదం రాయండి, అక్కడ రాపిడి వద్దు. రాపిడి అంతా కింద జరగాలి. నూనె చుక్క కింది గుంటలో పడిందా, ఆ గుంట పనికిరాదు.

కూర్చునే తీరు ముఖ్యం. కుడిచేతి వాటం వారైతే ఎడమ పాదంతో చెక్కను తొక్కిపట్టి, కుడి మోకాలు నేలకు ఆనించాలి. కర్ర నెత్తిన రాయినో చిప్పనో పట్టిన ఎడమ చేతి మణికట్టును ఎడమ కాలి పిక్క ముందు ఎముకకు గట్టిగా ఆనించాలి. అలా ఆనిస్తే కర్ర అటూ ఇటూ ఊగదు. ఇక విల్లును ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగ్గా లాగాలి. పిల్లలు తొందరలో పొట్టి పొట్టిగా లాగుతారు. కొస దాకా లాగమని చెప్పండి చాలు, మిగతాది వాడే పట్టేస్తాడు.

మేము న్యూజెర్సీలో ఉంటాం. జిల్లేడు, బూరుగు ఇక్కడ దొరకవు కదా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

అక్కడి నేల కూడా దీనికి మంచిదే. రోడ్ల పక్కన, బీడు నేలల్లో మల్లెయిన్ అనే మొక్క నిలువెత్తు పూకాడ వేసి ఎండిపోతుంది. అరచేతులతో తిప్పే కర్రగా ఆ దేశంలో దానికి మంచి పేరు. గోల్డెన్‌రాడ్ ఎండు కాడలు కూడా పనికి వస్తాయి. కింది చెక్కకు బాస్‌వుడ్, సెడార్ చూడండి. పైన్‌లో జిగురు ఎక్కువ, దాన్ని వదిలేయండి. పార్కులలో నిప్పు రాజేయడానికి, కొమ్మలు ఏరడానికి కూడా నియమాలు ఉంటాయి, ముందుగా అడిగి తెలుసుకోండి.

వానాకాలం వచ్చినప్పటి నుంచి పాత కర్రలే మొరాయిస్తున్నాయి.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సముద్రపు గాలిలోని తేమను కర్ర పీల్చుకుంటుందండీ, తడవనక్కర లేదు. కర్రలను, చెక్కను, పీచును వంటింటి అటక మీద మూటకట్టి ఉంచండి. ఎండ కాసిన రోజు మిట్టమధ్యాహ్నం దాకా ఎండబెట్టి, ఆ వేడి మీదే మొదలుపెట్టండి. నుసి చుట్టలు చుట్టుకుంటూ వస్తే ఇంకా తడి ఉన్నట్టే.

మేడమ్, నిప్పు కణిక వచ్చింది! కళ్ళారా చూశాను. కానీ కొబ్బరి పీచులో పెట్టి ఊదితే ఆరిపోతోంది. ఇంత చేసి చివర్లో ఇలా అయితే ఏడుపు వస్తోంది.
— ఇంటర్ విద్యార్థిని, ఒంగోలు

అమ్మాయీ, నీ ఉత్తరం చదివి మా ఇంట్లో అందరికీ చూపించాను. కష్టమైన భాగం నువ్వు దాటేశావు. ఇక మిగిలింది గూడు కట్టడం.

కొబ్బరి పీచును అలాగే ఉండచుట్టి పెట్టావేమో. ఆ పోగులు లావు, నుసి కుప్పలోని వేడి వాటికి చాలదు. పీచును రెండు అరచేతుల మధ్య వేసి, పోగులు విడివడి సన్న పొట్టు రాలేదాకా బాగా నలుపు. ఆ రాలిన పొట్టునూ పారేయకు, అదే మొదట అంటుకునేది. ఎండిన అరటి దొప్పను దారాలుగా చీల్చి దానితో కలుపు. చుట్టూ సన్నటి ఎండుగడ్డి పెట్టు. మొత్తం రెండు దోసిళ్ళ నిండుగా ఉండాలి. నడుమ బొటనవేలితో గుంట చేసి, అందులో నలిపిన పొట్టు వెయ్యి. ఇది కర్ర పట్టకముందే సిద్ధంగా ఉండాలి. కణిక వచ్చాక పీచు వెతుక్కుంటూ పోతే అది ఆగదు.

కణికను వేళ్ళతో ముట్టుకోకు. అది నల్లటి నుసి ముద్ద, లోపల మాత్రమే ఎరుపు. నొక్కితే పొడైపోతుంది, పొడైతే చల్లారుతుంది. అడుగున పరిచిన ఆకుతో సహా ఎత్తి గూటి గుంటలోకి జార్చు. గూడును దాని చుట్టూ మూసేటప్పుడు పీచు కణికను తాకాలి, కానీ నలపకూడదు. గట్టిగా నొక్కితే గాలి ఆడదు, వదులుగా వదిలేస్తే కణిక ఒంటరిగా కాలి ఆరిపోతుంది. ఆ మధ్య పట్టు రెండు మూడు సార్లు చేస్తే చేతికి తెలిసిపోతుంది.

గాలి నీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడు. గూడును ముఖం కన్నా కొంచెం ఎత్తులో, దూరంగా పట్టుకుని సన్నగా, పొడుగ్గా ఊదు. ఊపిరి పీల్చుకునేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకో, లేకపోతే పొగ లోపలికి పోతుంది. ఎరుపు పీచులోకి పాకుతున్న కొద్దీ ఊదడం పెంచు. పొగ తెల్లగా, పలచగా ఉన్నంతసేపు తొందర వద్దు. అది చిక్కబడి పసుపురంగు తిరిగిందంటే మంట దగ్గరికి వచ్చింది. జుట్టు ముడి వేసుకుని, చున్నీ తీసి పక్కన పెట్టు. భగ్గుమన్నప్పుడు చేతిలో ఉంచుకోకుండా ముందే పేర్చుకున్న సన్న పుల్లల కిందికి చేర్చు. వచ్చే ఉత్తరంలో మంట సంగతి రాయి.

చెకుముకి రాయి కూడా రాపిడి పద్ధతేనా? రెండు పలుగురాళ్ళు కొడితే నిప్పు రవ్వలు వస్తున్నాయి కానీ దూది అంటుకోవడం లేదు.
— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూలు

కాదండీ, అది వేరే పద్ధతి. చెకుముకిలో మండేది రాయి కాదు, ఉక్కు. రాతి పదునైన అంచు ఉక్కును తాకి సన్నటి రేణువులను చెక్కుతుంది, అవి గాలిలో మండుతూ ఎగిరిపడతాయి. రెండు పలుగురాళ్ళు కొట్టుకుంటే చీకట్లో మిణుకుమంటుంది గానీ, దూదిని అంటించేంత వేడి అందులో ఉండదు. పాత ఆకురాయి (లోహాన్ని అరగదీసే ఉక్కు పనిముట్టు) ముక్క ఒకటి సంపాదించి, దాన్ని పలుగురాతి పదునైన అంచుకు జారుడుగా కొట్టండి. స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలతో ఫలితం ఉండదు. రవ్వలు పడే చోట బూరుగు దూది గానీ, గాలి తగలని డబ్బాలో నల్లగా మాడ్చిన నూలుగుడ్డ ముక్క గానీ పెట్టండి. మాడ్చిన గుడ్డ ఒక్క రవ్వకే అంటుకుంటుంది. దాన్ని పై జవాబులో చెప్పిన గూటిలోనే పెట్టి ఊదండి.